ముప్పై సెకన్లు చాలు

మొదటిరోజు పది నిమిషాల్లో త్రిపురసుందరి మేడం పద్నాలుగుసార్లు దీపం ఆర్పేసింది. చేత్తో కాదు, ఊదీ కాదు. మాట్లాడి.

ఆవిడ కాకినాడలో మందపాటి వారి మహిళా కళాశాలలో హోంసైన్సు లెక్చరరు. ఇరవయ్యారేళ్ళ సర్వీసు. శిశు వికాసం పాఠాన్ని కామాలు, ఫుల్‌స్టాపులతో సహా అప్పజెప్పగలదు. ఆవిడ గొంతెత్తితే అరవైమంది ఆడపిల్లలు తలెత్తకుండా రాసుకోవలసిందే. మరి ఇన్నేళ్ళలో ఎదుగుదల వెనకబడ్డ రెండేళ్ళ బిడ్డని ఒక్కసారైనా ఒళ్ళో కూర్చోబెట్టుకుందా అంటే, లేదు. పరీక్షల్లో అది అడగరు కదా!

ఇప్పుడు అడిగే రోజు వచ్చింది. వైకల్యం ఉన్న పసిపిల్లలకి మొదటి మూడు నాలుగేళ్ళలోనే ఎలా చేయూతనివ్వాలో నేర్పే డిగ్రీ కోర్సు వచ్చే ఏడాది మొదలవుతోంది. విద్యార్థినులకి నేర్పాలంటే ముందు లెక్చరర్లు నేర్చుకోవాలి. అందుకని చుట్టుపక్కల కాలేజీల నుంచి పన్నెండుమందిని పోగేసి, ఈ కాలేజీలో పాత కుట్టుమిషన్ల గది ఖాళీ చేయించి కూర్చోబెట్టారు. అందరూ నలభై దాటినవాళ్ళే. అందరూ చెప్పడమే తప్ప వినడం అలవాటు లేనివాళ్ళే.

నేర్పడానికి వచ్చిన డాక్టర్ సుహాసినికి ముప్పై మూడేళ్ళు. మెదడులో పుట్టే సంకేతాలు చదివే యంత్రాలు తయారుచేస్తుంది. ఆమెకి నత్తి. యంత్రాన్ని బల్ల మీద పెట్టి, "ఇది జ... జ..." అని మొదలుపెట్టిందో లేదో, "జవాబు దీపం, అంతేగా అమ్మాయ్" అంటూ ముందు వరసలోంచి త్రిపుర అందుకుంది. పేరు బోర్డు మీద రాసే ఉంది మరి. సుహాసిని నవ్వి ఊరుకుంది. అలా ఊరుకోవడం ఆమెకి చిన్నప్పటి నుంచీ అలవాటు.

యంత్రం చూడ్డానికి ఏమంత గొప్పగా లేదు. పసిపిల్లల తలకి పెట్టే మెత్తని నూలు టోపీ ఒకటి, బల్ల మీద నిమ్మకాయంత దీపం ఒకటి. బిడ్డని ఏదో అడుగుతాం. ఆ బిడ్డ లోపల జవాబు కదలడం మొదలవగానే దీపం పసుపుగా వెలుగుతుంది. జవాబంటే మాటే కానక్కర్లేదు. ఒక చూపు, చెయ్యి చాపడం, "ఊ" అనడం, ఏదైనా సరే. అది బయటపడటానికి ఒకరికి ఎనిమిది సెకన్లు పడుతుంది, ఇంకొకరికి పద్దెనిమిది. అంతదాకా మనం నోరు మూసుకుని కూర్చోవాలి. అంతే పని.

ఓస్, ఇంతేనా అనుకుంది త్రిపుర. ఎదురుగా శిక్షణ కోసం పిలిపించిన మూడేళ్ళ పిల్లాడు, తలకి టోపీ. "బంతేది నాన్నా?" దీపం వెలిగింది. రెండు సెకన్లు గడిచాయి. "ఇదిగో బంతి! ఎర్ర బంతి చూడు!" దీపం ఆరిపోయింది. మళ్ళీ అడిగింది. మళ్ళీ వెలిగింది. "చెప్పు నాన్నా, బం..." మళ్ళీ ఆరింది. లోపల బయల్దేరిన జవాబు మన మాట తగలగానే చెదిరిపోతుందట. వాడు మళ్ళీ మొదటినుంచీ బయల్దేరాలట. పద్నాలుగోసారి ఆరేసరికి పిల్లాడు అలిసిపోయి గోడవైపు తిరిగిపోయాడు. తక్కినవాళ్ళు కిసుక్కున నవ్వారు గానీ, వాళ్ళ వంతు వచ్చేసరికి ఎవరూ ఆరుసార్లకి తక్కువ ఆర్పలేదు.

"ఇలాంటి పిల్లలకి ఏమీ తెలీదని ఇన్నేళ్ళూ నోట్సు చెప్పానే!" అంది త్రిపుర. మొహం మాడిపోయింది. కానీ ఆవిడ అంత తేలిగ్గా ఓడిపోయే మనిషి కాదు. మర్నాటినుంచి పైట కొంగు నోట్లో కుక్కుకుని మరీ కూర్చోవడం మొదలుపెట్టింది.

ఆ వారంలోనే ఒక సాయంత్రం టీ దగ్గర సుహాసిని అడిగింది. "టోపీ ఎంతసేపు విని ఆగాలో చె... చెప్పండి మేడం. ఏదో ఒక గడువు పెట్టాలి. మీరు పిల్లల మధ్య ఉన్నవాళ్ళు."

"ముప్పై సెకన్లు చాలు" అంది త్రిపుర. "ముప్పై సెకన్లంటే ఏమనుకున్నావ్! క్లాసులో నేను మూడు సెకన్లు ఆగితే, మేడంగారికి ఒంట్లో బాగోలేదనుకుంటారు పిల్లలు."

అందరూ గొల్లుమన్నారు. సుహాసిని ఏదో చెప్పబోయింది. మొదటి అక్షరం దగ్గరే పెదవులు బిగుసుకుపోయాయి. త్రిపుర ఆమె భుజం తట్టి, "అనుమానాలు పెట్టుకోకమ్మా, రాసెయ్" అంది. ప్రేమగానే అంది. సుహాసిని రాసేసింది. ఆ రోజునుంచి ముప్పై సెకన్లు దాటితే టోపీ వినడం మానేస్తుంది. కాగితం మీద 'స్పందన లేదు' అని అచ్చవుతుంది.

*

రెండు నెలలు తిరిగేసరికి ఆ గది చూసి ముచ్చటపడనివాళ్ళు లేరు. పదహారో సెకనులో ఒక పాప మొదటిసారి తల్లివైపు చెయ్యి చాపినప్పుడు పన్నెండుమంది లెక్చరర్లూ బడిపిల్లల్లా చప్పట్లు కొట్టారు. త్రిపుర అయితే అందరికంటే ముందు నేర్చేసుకుని, కొత్తగా వచ్చిన రెండో జట్టుకి తనే నేర్పడం మొదలుపెట్టింది. "దీపం వెలిగితే ఊపిరి కూడా గట్టిగా పీల్చకండి" అని ఆవిడ చెబుతుంటే సుహాసిని వెనక నిలబడి నవ్వుకునేది.

అప్పుడు వచ్చింది లోవ. ఉప్పాడలో జాందానీ చీరలు నేస్తుంది. పాతికేళ్ళుంటాయేమో. చంకలో రెండున్నరేళ్ళ భాను. పుట్టినప్పుడు ఏడవలేదట. మెడ ఈమధ్యనే నిలబడింది. పిలిస్తే పలకదు, చూపు ఎటో ఉంటుంది.

త్రిపుర ఏ లోపమూ చెయ్యలేదు. అడిగి, కొంగు నోట్లో కుక్కుకుని, దీపంకేసి చూస్తూ కూర్చునేది. మూడు వారాలు, వారానికి రెండుసార్లు. దీపం ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి కూడా వెలగలేదు. ఆరోసారి కూడా 'స్పందన లేదు' అని వచ్చాక, భాను పేరు సంరక్షణ జాబితాలోకి మారింది. అంటే తిండి, స్నానం, ఒళ్ళు పట్టడం. నేర్పే పని ఇక లేదు. నేర్పే సమయం దీపం వెలిగే పిల్లలకే సరిపోవడం లేదు మరి.

ఆ మాట తల్లికి చెప్పడం త్రిపుర వంతే అయింది. "దీపం అబద్ధం చెప్పదు లోవా. ప్రశ్నలు వేసి పిల్లని విసిగించకు. కడుపునిండా పెట్టు, ముద్దు చెయ్యి. చాలు."

"అంటే, పిలవొద్దంటారా అండి?"

"పిలువమ్మా, ఎందుకు పిలవవూ! జవాబు కోసం మాత్రం చూడకు."

లోవ కూతురి నెత్తిమీంచి టోపీ తీసి, రేగిన జుట్టు సవరించింది. "ఆయ్" అంది. పిల్లని చంకనేసుకుని బస్సు స్టాండుకేసి నడిచి వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు. త్రిపురకి ఆ రాత్రి అన్నం సయించలేదు గానీ, వారం తిరిగేసరికి వేరే పిల్లల పనిలో పడిపోయింది. మనుషులన్నాక అంతే కదా.

*

నాలుగు నెలల తరవాత ఒక ఆదివారం మధ్యాహ్నం. త్రిపుర ఇంట్లో గుత్తివంకాయ కూర.

ఆవిడ భర్త పేర్రాజుగారు కాలువల శాఖలో లాకుల దగ్గర పనిచేసి రిటైరయ్యారు. నీళ్ళు నిదానంగా ఎక్కడం, నిదానంగా దిగడం చూస్తూ ముప్పై నాలుగేళ్ళు గడిపిన మనిషి. మాట కూడా అలాగే వస్తుంది. వడ్డిస్తూ, "కూరెలా ఉందండీ?" అని అడిగింది త్రిపుర. రోజూ అయితే ఆ వెంటే "బావుంది కదూ!" అని తనే అనేసేది. ఇప్పుడు అలవాటు మారింది. నోరు మూసుకుని గోడ గడియారం కేసి చూస్తూ నిలబడింది.

పది సెకన్లు. ఇరవై. పేర్రాజుగారు అన్నం కలుపుకుంటున్నారు. ముప్పై. ఆయన తలెత్తి ఒకసారి చూసి మళ్ళీ కలుపుకున్నారు. నలభై రెండో సెకనులో అన్నారు కదా, "నాకు వంకాయ పడదు త్రిపురా."

"ఆఁ?"

"నోరు దురద. ఎప్పట్నుంచో."

"రామ రామ! ముప్పై ఒక్క ఏళ్ళుగా వండి పెడుతున్నానే! చెప్పరేం?"

ఆయన ఇంకొంచెం సేపు ఆలోచించి, "చెబుదామనుకునేలోపు నువ్వే బావుందనేదానివి" అన్నారు.

త్రిపుర పడీ పడీ నవ్వింది. కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఉన్నట్టుండి ఆగిపోయింది. నలభై రెండు సెకన్లు! ముప్పై దగ్గర తను వంటింట్లోకి తిరిగి వెళ్ళిపోయి ఉంటే ఈ జవాబు ఈ జన్మకి వినేది కాదు. నిక్షేపంలాంటి మనిషి, లాకులు నడిపిన మనిషి, ఆయనకే నలభై రెండు పడితే?

గరిటె చేతిలోనే ఉండిపోయింది. టోపీ తీసి జుట్టు సవరించిన లోవ చెయ్యి కళ్ళముందు మెదిలింది. 

వెంటనే సుహాసినికి ఫోను చేసింది. "భాను రికార్డులు తియ్యి. ముప్పై తరవాత ఏముందో చూడాలి."

"లేవు మేడం. ముప్పై దగ్గర టో... టోపీ ఆగిపోతుంది."

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ కుట్టుమిషన్ల గదిలో జాబితా ముందేసుకుని కూర్చున్నారు. తొమ్మిదిమంది పిల్లలు. తొమ్మిదిమందికీ ఒకటే రాత, 'స్పందన లేదు'. సుహాసిని కాగితం మీద చెయ్యి పెట్టి, "ఆ రోజు టీ దగ్గర నేను..." అంది. ఆగిపోయింది. పెదవులు బిగుసుకున్నాయి. త్రిపుర నాలుక చివర నాలుగైదు మాటలు సిద్ధంగా ఉన్నాయి. వాటిని మింగేసింది. ఆ అమ్మాయి మొహంలోకి చూస్తూ కూర్చుంది. పరిచయమైన ఆరేడు నెలల్లో ఆమె మాటకోసం తను ఆగడం ఇదే మొదటిసారని అప్పుడు తెలిసింది. సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

"గడువు వద్దని చెప్పబోయాను మేడం" అంది చివరికి సుహాసిని. "మాట రాలేదు. పోనీ, తరవాత కాగితం మీద రాసి ఇవ్వొచ్చు కదా. ఇవ్వలేదు. అందరూ నవ్వుతున్నారు, మీరు పెద్దవారు, మీకే తెలుసులే అనుకున్నాను. తప్పులో నాకూ స... సగముంది."

"సగాలు తరవాత పంచుకుందాం. లే, ఉప్పాడ పోదాం."

సముద్రం కోసేసిన రోడ్డు మీద ఆటో ఎగిరెగిరి పడుతోంది. త్రిపురకి ఆ కుదుపులేవీ తెలియడం లేదు. తను చెప్పిన మాట ఆ తల్లి అక్షరాలా పాటించి ఉంటే? పిల్లతో మాట్లాడటమే మానేసి ఉంటే? ఆ వయసులో నాలుగు నెలలంటే మాటలా! పాఠం తనే చెప్పింది కదా, మొదటి మూడేళ్ళలో పోయిన కాలం మళ్ళీ రాదని. ఇరవయ్యారేళ్ళుగా చెబుతోంది. దారిపొడుగునా ఒకటే దణ్ణం పెట్టుకుంది. దేవుడా, నా మాట వినకుండా ఉంటే బాగుణ్ణు.

*

మగ్గం చప్పుడు పట్టుకుని ఇల్లు వెతుక్కోవలసి వచ్చింది. తలుపు తీసే ఉంది. గుంట మగ్గం మీద లోవ, పక్కన వాళ్ళ అత్తగారు. మగ్గం వారన దిళ్ళ మధ్య భాను. పిల్ల ముందు ఒక స్టీలు పళ్ళెం, అందులో రంగుపోగులు చుట్టిన చిన్న చిన్న కండెలు.

లోవ చూసింది. మొహంలో ఏమీ కనబడలేదు. "రండి మేడంగారండి. కూర్చోండి" అంది. చేతులు మాత్రం ఆగలేదు. త్రిపుర గుమ్మంలోనే నిలబడిపోయింది.

"భానూ, ఏ రంగెయ్యనమ్మా?" అంది లోవ. అని, పిల్లకేసి చూడనైనా చూడకుండా మగ్గం మీదకి వంగింది. జాందానీ అంటే యంత్రంతో తేలే పని కాదు. ఒక్కో పువ్వు దగ్గరా చేత్తో పోగులెత్తి, కండె దూర్చి, అవతల తియ్యాలి. ఒక పువ్వు, రెండో పువ్వు, మూడోది. చీర వెడల్పునా పందొమ్మిది పూలు. ఇటు సగం కోడలు, అటు సగం అత్త. వరస పూర్తయ్యాక లోవ పోగుని అటు చివరికి లాక్కెళ్ళే నాడె విసిరి, దాన్ని బిగించే పలక ముందుకి లాగి ఒక్క దెబ్బ వేసింది.

ఆ దెబ్బకి భాను చెయ్యి కదిలింది. రెండువేళ్ళు వణుకుతూ పళ్ళెంలోకి వెళ్ళి ఎర్ర కండె మీద ఆగాయి.

"ఎరుపా? సరే, ఎరుపే" అంది లోవ, రోజూ జరిగేదే అన్నట్టు.

సుహాసిని త్రిపుర చెయ్యి పట్టేసుకుంది. "ఎ... ఎప్పట్నుంచి?" అంది.

"మీ కాడనించి ఒచ్చాక వారం రోజులు ఏడ్చానండి" అంది లోవ. "పిల్లతో మాటాడబుద్ధే కాలేదు. తరవాత పెళ్ళిచీరొకటి ఒప్పుకున్నామండి, మగ్గం ఎక్కక తప్పలేదు. నోరు ఖాళీగా ఉండదు కదండి, ఏదోటి అడుగుతా ఉండేదాన్ని. జవాబు కోసం చూడొద్దని మేడంగారన్నారు కదండి, చూడలేదు. నా మానాన నేను నేసుకునేదాన్ని. వరసయ్యి పలక కొట్టేసరికి చెయ్యి కదిపేదండి."

"మరి వచ్చి చెప్పలేదేం తల్లీ?" అంది త్రిపుర.

"దీపం అబద్ధం చెప్పదన్నారు కదండీ. నాదే భ్రమనుకున్నాను. కన్నదాన్ని కదా, లేనిది కూడా కనబడతాది అనుకున్నాను."

త్రిపుర పళ్ళెంలో కండెలకేసి చూసింది. ఇన్నాళ్ళుగా ఈ పిల్ల జవాబు చెబుతోంది. కన్నతల్లి చూస్తోంది. చూసి కూడా, ఈ మేడం మాట మీద గౌరవంతో, తన కళ్ళని తనే నమ్మకుండా కూర్చుంది!

సుహాసిని సంచీలోంచి టోపీ తీసింది. గడువు తీసేసిన టోపీ. లోవ దానికేసి కాసేపు చూసి, "పెట్టండి" అంది.

"భానూ, ఇప్పుడేం రంగమ్మా?"

మగ్గం మీద వేళ్ళు కదులుతున్నాయి. దీపం చీకటిగానే ఉంది. పది. ఇరవై. సుహాసిని పెదవులు నిశ్శబ్దంగా లెక్కపెడుతున్నాయి. ముప్పై వచ్చింది. ఇక్కడే, సరిగ్గా ఇక్కడే త్రిపుర లేచి వెళ్ళిపోయింది. ఒకసారి కాదు, ఆరుసార్లు. త్రిపుర కొంగు నోట్లో కుక్కుకుంది. ముప్పై అయిదు. నలభై. దీపం వెలగలేదు. ఒకవేళ ఇందాకటిది యాదృచ్ఛికమేమో అన్న భయం వేసింది. నలభై మూడు.

దీపం పసుపుగా వెలిగింది.

ఎవరూ కదల్లేదు. లోవ అయితే తలే ఎత్తలేదు. ఆఖరి పువ్వు దాకా పోగులెత్తి, నాడె విసిరి, పలక కొట్టింది. భాను వేళ్ళు పళ్ళెంలో తడుముకుంటూ వెళ్ళి ఆకుపచ్చ కండెని పట్టుకున్నాయి.

"హమ్మయ్య!" అంది త్రిపుర. గచ్చు మీద చతికిలబడిపోయింది. ఇరవయ్యారేళ్ళ సర్వీసూ, మేడంగిరీ అన్నీ మర్చిపోయి బావురుమంది. నాలుగు నెలలు పోలేదు. పిల్ల పోనివ్వలేదు, తల్లి పోనివ్వలేదు. గుండెల మీంచి బండ దించినట్టుంది.

లోవ అత్తగారు కంగారుపడిపోయింది. "ఏటమ్మా అలా ఏడుత్తారు? పిల్ల బానే ఉంది కదా! మంచినీళ్ళు తాగండి."

నీళ్ళు తాగి, కళ్ళు తుడుచుకుని, త్రిపుర మగ్గం దగ్గరికి జరిగింది. "లోవా, ముప్పై సెకన్లు చాలని దీపం చెప్పలేదు. నేను చెప్పాను. నవ్వులాటకి చెప్పాను. తప్పు నాది. జాబితాలో ఇంకా ఎనిమిదిమంది పిల్లలున్నారు. వాళ్ళ తల్లులకీ ఇదే మాట చెప్పి పంపించేశాం."

లోవ ఆకుపచ్చ కండె అందుకుంది. మళ్ళీ మగ్గం మీదకి వంగింది. ఒక పువ్వు. రెండో పువ్వు.

త్రిపుర నాలుక చివరికి మాటలు తోసుకొస్తున్నాయి. కోపమొచ్చిందా? నన్ను క్షమించవూ? పోనీ, నాలుగు మాటలు తిట్టు. ఒకటి జారినా ఇంకేదో ఆరిపోతుందనిపించింది. పళ్ళు బిగించి కూర్చుంది. పక్కన సుహాసిని కూడా ఊపిరి బిగబట్టింది. పువ్వు తరవాత పువ్వు నింపాదిగా సాగుతోంది. పందొమ్మిదో పువ్వు అయింది. నాడె ఇటునుంచి అటు వెళ్ళింది. పలక దెబ్బ పడింది.

"ఆ ఎనిమిదిమంది ఇళ్ళకీ నేనూ ఒత్తానండి" అంది లోవ. "మీరొక్కరే ఎల్తే నమ్మరు."

త్రిపుర గబగబా తల ఊపింది.

"భానుని కూడా తెత్తాను. రేపు ఏ బస్సుకి రమ్మంటారండి?"

"ఎనిమిదింటి బస్సుకి రా తల్లీ!" అంది త్రిపుర. ఈ ఒక్క ప్రశ్నకి మాత్రం ఆవిడ ఒక్క సెకను కూడా ఆగలేదు.